ఆ స్టీరింగ్ ఆర్మ్ నా దగ్గరే ఉంది

మిషిగన్‌లో మా అబ్బాయి గ్యారేజీలో ప్రతి శనివారం హాట్ రాడ్ (పాత కారుకు బలమైన ఇంజను పెట్టి చేత్తో కట్టే జోరు కారు) కడుతున్న పిల్లలకు, వాళ్లలాగే ఎక్కడెక్కడో ఇళ్లలో కార్లు కట్టుకుంటున్న తెలుగు పిల్లలకు బహిరంగ లేఖ

నాయనలారా, తల్లీ,

పోయిన శనివారం రాత్రి మీరంతా ఇళ్లకు వెళ్లాక, మీ కారు ముందు యాక్సిల్‌కి కుడిపక్కనున్న స్టీరింగ్ ఆర్మ్, అంటే చక్రాన్ని పక్కకు తిప్పే ఉక్కు చెయ్యి, విప్పి పట్టుకుపోయింది నేనే. మా అబ్బాయిని ఏమీ అనకండి. వాడు నిద్రపోయాడు. మీ స్పానర్లతోనే విప్పాను. నట్లు, అవి ఊడకుండా వేసే కాటర్ పిన్నులు వరసగా రేకు డబ్బాలో పెట్టి మూతేశాను. ముందు చక్రాలు రెండింటినీ కలిపే టై రాడ్ బాల్ జాయింటు ఊడదీయడానికి ఆర్మ్ కన్నం పక్కన సుత్తితో రెండు దెబ్బలు వెయ్యాల్సి వచ్చింది. ఆ చప్పుడుకు వాడు లేచి వస్తాడేమోనని కాసేపు దీపం ఆర్పి చీకట్లో నిలబడ్డాను కూడా. 67 ఏళ్ల వయసులో దొంగతనం! స్టీరింగ్ బాక్సు నుంచి ఆర్మ్‌కు వచ్చే కడ్డీ, డ్రాగ్ లింక్, దాని జాయింటు మాత్రం సుత్తి అక్కర్లేకుండానే, చేత్తో లాగితే ఊడొచ్చింది. దాని సంగతి తర్వాత చెబుతాను. అది ఇంకో తలనొప్పి.

ఆర్మ్ క్షేమంగా ఉంది. ఆవకాయ సీసాలు తెచ్చిన పెట్టెలో, పాత లుంగీలో చుట్టి పెట్టాను. ఎందుకు తీశానో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఎదురుగా చెప్పొచ్చు కదా అంటారేమో. రెండుసార్లు చెప్పాను. "అలాగే అంకుల్" అన్నారు, కాఫీ ఇచ్చారు, నా పక్కనే నిలబడి రెండో ఆర్మ్ కూడా అలాగే అతికారు. పెద్దవాడి మాట వినడం వేరు, వింటున్నట్టు కూర్చోవడం వేరు. మీరు రెండోది బాగా చేస్తారు. కాగితం మీద పెడితే మధ్యలో లేచి వెళ్లలేరు గదా. పైగా మీలాంటి పిల్లలు ఇక్కడా ఆస్ట్రేలియాలోనూ చాలామందే ఉన్నారని మా వాడు చెప్పాడు. వాళ్లు కూడా చదువుకుంటారని ఉత్తరం అంటించకుండా వదిలేశాను.

నా చదువు ఎనిమిదో తరగతి. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద నలభై ఏళ్లు నిలబడ్డాను. మొదట కుర్రాడిగా చిప్స్ ఊడ్చాను, తర్వాత టర్నర్‌నయ్యాను, చివరి పదిహేనేళ్లు సొంత షెడ్డు. లారీ కింగ్ పిన్నులు, బుష్షులు, హబ్బులు ఎన్ని చేశానో లెక్క లేదు. హాట్ రాడ్ అనే మాట మాత్రం ఈ జనవరిలో ఇక్కడ దిగాకే విన్నాను.

నిజం చెప్పాలంటే మొదటిసారి మీ గ్యారేజీ తలుపు ఎత్తినప్పుడు తుక్కు కొట్టు అనుకున్నాను. 1931 ఫోర్డ్ మోడల్ ఎ కూపే బాడీ, కింద 1932 ఫోర్డ్ తరహాలో చేసిన కొత్త ఛాసిస్, ముందు నాలుగంగుళాలు కిందికి వంచిన ఐ-బీమ్ యాక్సిల్, అడ్డంగా ఒకే ఒక్క కమాను కట్ట, మధ్యలో షెవర్లే 350 వి-8 ఇంజను. ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పుడు ఆ బాడీ కింద ఉన్నది 40 గుర్రాల బలం. మీరు పెట్టిన దానికి 300 ఉంటుందని గొప్పగా చెప్పారు. అప్పుడే నా చూపు ఇంజను మీంచి ముందు చక్రాల మీదికి పోయింది. ఆటోనగర్ అలవాటు. ఎవరైనా "బండి బాగా లాగుతోంది" అంటే "స్టీరింగు ఎలా ఉంది" అని అడుగుతాం.

తర్వాత తర్వాత మీ పిచ్చి నాకూ అంటుకుంది. 1930లలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు మ్యూరాక్ అనే ఎండిపోయిన సరస్సు మీద పాత ఫోర్డులు పరిగెత్తించడం, 1937లో వాళ్లంతా కలిసి సంఘం పెట్టుకోవడం, యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లు దాన్ని ఊరూరికీ పాకించడం, ఇదంతా మీరు చెబుతుంటే మా పేట కుర్రాళ్లు గుర్తొచ్చారు. డబ్బు లేదు, చేతిలో పని ఉంది, తుక్కులో ఇనుముంది. మార్చి మొదట్లో మీరు నన్ను డెట్రాయిట్ ఆటోరామా అనే కార్ల ప్రదర్శనకు తీసుకెళ్లారు. ఒక్కో కారు కింద నేలమీద అద్దాలు పరిచి, అడుగుభాగం కూడా కనిపించేట్టు పెట్టారు. నేను రోజంతా కార్లను చూడలేదు, ఆ అద్దాలనే చూశాను. ఏ ఆర్మ్ ఎలా వంగింది, ఏ నట్టుకు కాటర్ పిన్ను వేశారు, ఏది అతికారు, ఏది చెక్కారు. నాకది తిరునాళ్లే.

ఇక అసలు సంగతి.

మీరు కొన్న స్పిండిళ్లతో (యాక్సిల్ కొసన చక్రం ఎక్కే ముక్కలు) వచ్చిన ఆర్ములు తిన్నగా ఉన్నాయి. యాక్సిల్‌ను కిందికి దించాక టై రాడ్ వచ్చి, యాక్సిల్‌ను ఛాసిస్‌కి పట్టి ఉంచే రేడియస్ రాడ్లకు తగులుతోంది. ఆర్ముల కొసలు ఇంకో రెండంగుళాలు కిందికి రావాలి. మీరేం చేశారు? ఆర్మ్‌ను నడుమకు కోసి, మధ్యలో ముక్క పెట్టి మెట్టులాగా అతికారు. ఆ వెల్డింగు చేసింది మన అమ్మాయి. తల్లీ, నీ వెల్డింగు చూశాను. రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి ఒరిగించినట్టు, ఎక్కడా చెయ్యి వణక్కుండా వేశావు. మా షెడ్డులో ఇరవై ఏళ్లు చేసినవాళ్లు కూడా మిగ్ (తీగ) వెల్డింగుతో అంత నీటుగా వెయ్యరు. ఇది నీ చేతిని తప్పు పట్టే ఉత్తరం కాదు.

కానీ నువ్వు అతికింది గేటు చువ్వ కాదు. అది సమ్మెట కింద సాగగొట్టిన ఉక్కు, ఫోర్జింగ్. కట్టెకు నారు ఉన్నట్టు దానికీ ఉంటుంది. ఆ నారు వంపు వెంట వంగి పోతుంది, అందుకే అది అంత సన్నగా ఉన్నా అన్ని దెబ్బలు తింటుంది. దాన్ని కోశామంటే నారు తెగింది. సరే, అంతటితో ఆగితే ఏదో అనుకోవచ్చు. ఆ ఉక్కులో కర్బనం గేటు చువ్వలో కన్నా ఎక్కువ. జనవరి చివర్లో మీ గ్యారేజీలో ఇనుము ముట్టుకుంటే చెయ్యి అంటుకుపోయేంత చలి. అంత చల్లటి, అంత మందపాటి ముక్క మీద ముందు వేడి చెయ్యకుండా వెల్డింగు పెడితే, వెల్డింగు పూస పక్కనున్న లోహం క్షణంలో చల్లారిపోతుంది. కమ్మరి గునపం మొన ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే ఏమవుతుంది? గట్టిపడుతుంది, పెళుసవుతుంది. అదే ఇక్కడ మీకు తెలియకుండా జరిగింది. పూస బాగుంది. పూస అంచున రెండు మిల్లీమీటర్ల పట్టీ గాజులా తయారైంది.

మాటలతో నమ్మరని పరీక్ష కూడా చేశాను. పగుళ్లు పట్టడానికి మూడు స్ప్రే డబ్బాలు వస్తాయి కదా, ఒకటి తుడవడానికి, ఒకటి ఎర్ర రంగు, ఒకటి తెల్ల పొడి. మా వాడితో తెప్పించాను, తోటపనికని అబద్ధం చెప్పాను. శుభ్రంగా తుడిచి, ఎర్ర రంగు కొట్టి, పది నిమిషాలు ఆగి, గుడ్డతో తుడిచేసి, తెల్ల పొడి కొట్టాను. టీ తాగి వచ్చి చూస్తే పూస అంచు వెంబడి వెంట్రుకలా ఎర్ర గీత. కొలిచాను, 9 మిల్లీమీటర్లు. కారు ఇంకా గ్యారేజీ గడప దాటలేదు. ఒక్క గుంట తగల్లేదు. అప్పుడే 9 మిల్లీమీటర్లు.

పైగా అది మామూలు ఆర్మ్ కాదు. మీరు వేగా కారు స్టీరింగ్ బాక్స్ ఛాసిస్ ఎడమ పట్టీకి బిగించి, డ్రాగ్ లింక్‌ను అడ్డంగా కుడిచక్రానికి తెచ్చారు. అంటే ఈ కుడి ఆర్మ్‌కే రెండు కన్నాలు. ఒకదానికి డ్రాగ్ లింక్, ఇంకోదానికి టై రాడ్. మీ అతుకు ఆ రెండు కన్నాలకీ స్పిండిల్‌కీ నడుమ ఉంది. ఎడమ ఆర్మ్ విరిగితే ఒక చక్రం పోతుంది. ఇది విరిగితే రెండు చక్రాలూ వాటికి తోచిన దిక్కుకు పోతాయి. మీ చేతిలో స్టీరింగు హాయిగా తిరుగుతూనే ఉంటుంది, హార్మోనియం పెట్టె పక్కన కూర్చుని తాళం వేస్తున్నవాడిలా.

నాకీ భయం ఎక్కడిదో చెప్పాలి. 1986లో ఒక లారీ ఓనరు డ్రాప్ ఆర్మ్ పట్టుకొచ్చాడు. స్టీరింగ్ బాక్సు నుంచి డ్రాగ్ లింక్‌ను నడిపే చెయ్యి, మీరు పిట్‌మాన్ ఆర్మ్ అంటున్నారే, మేం దాన్ని డ్రాప్ ఆర్మ్ అంటాం. పగులిచ్చింది. కొత్తది మద్రాసు నుంచి రావాలి, రెండు రోజులు. ధాన్యం సీజను, మిల్లు ముందు బస్తాలు. "ఈ ఒక్క వారం నడిచేట్టు చెయ్యి, నీ పుణ్యముంటుంది" అన్నాడు. నాకు అప్పుడు వయసు, చేతి మీద నమ్మకం. పగులు గ్రైండ్ చేసి, వి-గాడి తీసి, ఆర్క్ వెల్డింగు నిండా నింపి, నున్నగా సానబట్టి ఇచ్చాను. ఎక్కడ అతికానో నేనే కనిపెట్టలేనంత బాగా వచ్చింది. వారం గడిచింది, కొత్త పార్టు మాట ఆయనా మరిచిపోయాడు, నేనూ అడగలేదు. 22వ రోజు డ్రైవరు రిక్షాలో వచ్చి నా బల్ల మీద రెండు ముక్కలు పెట్టాడు.

లోడు బండి. మిల్లు గేటులోకి పూర్తిగా తిప్పుకుంటుంటే విరిగింది. నడక వేగం కూడా లేదు. ముందు చక్రాలు కల్వర్టు దాటి మురుగుకాలవలోకి దిగాయి. క్లీనరుకు భుజం ఎముక విరిగింది. అదే బండి ఆ మధ్యాహ్నం బందరు రోడ్డు మీద ఎదురొచ్చే బస్సులను తప్పిస్తూ వచ్చింది.

ఆ ముక్కలు నేను చాలా ఏళ్లు దాచుకున్నాను. విరిగిన ముఖం చూస్తే ముప్పావు వంతు నల్లగా, తుప్పు పట్టి ఉంది. చెరువు ఎండుతున్నప్పుడు గట్టు పొడుగునా నీటి చారలు పడతాయే, అలా ఒకదాని వెనక ఒకటి సన్నటి గీతలు. మిగిలిన పావు వంతు పంచదార పలుకుల్లా తళతళలాడుతోంది. నల్లటిదంతా రోజుల తరబడి కొంచెం కొంచెం తెగినది. మెరుస్తున్నది మిల్లు గేటు దగ్గర ఒక్క క్షణంలో తెగినది. ఆ 22 రోజుల్లో డ్రైవరుకు స్టీరింగు బరువెక్కలేదు, ఆట పెరగలేదు, చప్పుడు లేదు. ఆఖరి పావు వంతు కూడా మొదటి రోజులాగే పని చేసింది.

మీలో ఇద్దరు కార్ల కంపెనీల్లోనే పనిచేస్తారు. మీ ఆఫీసుల్లో ఏ ముక్క ఎలా చెడిపోవచ్చో పట్టిక వేస్తారట, తీవ్రతకు ఒకటి నుంచి పది దాకా మార్కులు వేస్తారట. పాత పట్టికల్లో ముందుగా హెచ్చరించి ప్రాణం మీదికి తెచ్చేదానికి తొమ్మిది, హెచ్చరించకుండా తెచ్చేదానికి పది ఉండేవని మా వాడు చెప్పాడు. ఆ ఒక్క మార్కు తేడా ఎవరు పెట్టారో గానీ, ఆయన ఎప్పుడో ఒక విరిగిన డ్రాప్ ఆర్మ్ చేత్తో పట్టుకుని చూసి ఉంటాడు. మరి సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ పట్టికలు నింపే చేతులే శనివారం ఈ ఆర్మ్ ఎలా బిగించాయి? ఆఫీసులో ఒక బ్రాకెట్ మార్చాలంటే ఎంతమంది సంతకాలు కావాలో అని విసుక్కుంటారు. గ్యారేజీలో ఒక్క సంతకమూ అక్కర్లేకపోవడమే మీకు హాయిగా ఉంది. నాకు అర్థమవుతుంది. కానీ బ్రేకు ఒక సర్క్యూట్ పోతే రెండోది ఉంటుంది. ఇంజను ఆగితే పక్కకు తీసి ఆపుకోవచ్చు. స్టీరింగుకు రెండోది లేదు.

"హాట్ రాడ్ అంటేనే సొంత చేత్తో చేసింది, కొన్న పార్టులు బిగిస్తే ఇంకేముంది" అని మీలో ఒకడు నాతో వాదించాడు. పేరెందుకు, గడ్డం ఉన్నవాడు. నాయనా, నీ మాటలో పౌరుషం ఉంది, నాకు నచ్చింది. అయితే ఆ పాత కాలిఫోర్నియా కుర్రాళ్లు స్టీరింగుకు ఏం వాడారో నువ్వే నాకు ఫొటోల్లో చూపించావు. పడేసిన ఫోర్డుల్లోంచి స్పిండిళ్లు, 1939 నుంచి ఫోర్డుకు వచ్చిన హైడ్రాలిక్ బ్రేకులు, యుద్ధం తర్వాత ఎఫ్-1 పికప్పు స్టీరింగ్ బాక్సు. తుక్కులోంచి ఏరుకున్నా ఫ్యాక్టరీలో సాగగొట్టిన ఉక్కునే ఏరుకున్నారు. కొందరు ఆర్ములు కాల్చి వంచారు, నిజమే. కాల్చి వంచడం వేరు, కోసి అతకడం వేరు. వంచితే నారు తెగదు. దానికైనా ఎర్రగా ఒకే వేడిలో, మెత్తటి వంపు తీసి, నీళ్లూ గాలీ కొట్టకుండా దానంతట అది చల్లారనిచ్చి, తర్వాత పగులు పరీక్ష చేస్తేనే నేను ఒప్పుకుంటాను. మీకు ఆ అవస్థ కూడా అక్కర్లేదు. కిందికి వంచిన ఫోర్జింగ్ ఆర్ములు ఈ స్పిండిళ్లకు సరిపోయేవి బజారులో దొరుకుతున్నాయి. మీ నాలుగు కుటుంబాలు ఒకపూట బయట భోంచేస్తే అయ్యే ఖర్చు.

లేదు, మేమే చెయ్యాలి అంటారా? ఒకే ఉక్కు దిమ్మలోంచి చెక్కండి. 4140 రకం ఉక్కు తీసుకోండి, మూలలన్నీ గుండ్రంగా తియ్యండి, పగులు పుట్టేది ఎప్పుడూ పదునైన మూలలోనే. హీట్ ట్రీట్‌మెంటు తెలిసిన షాపులో చేయించి, అయస్కాంతంతో చేసే క్రాక్ టెస్ట్ చేయించి తెండి, నేనే బిగిస్తాను. వాటికి క్రోమియం పూత మాత్రం వేయించకండి. ఆటోరామా అద్దాల్లో చూసి మీ అందరికీ ఆ మోజు పట్టిందని తెలుసు. ఆసిడ్‌లో ముంచి పూత వేసేటప్పుడు గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ దూరి పెళుసు చేస్తుంది. పూత వేసిన కొద్ది గంటల్లోనే 190 డిగ్రీల దగ్గర పొయ్యిలో పెట్టి దాన్ని తరిమెయ్యాలి. మీరిచ్చే షాపువాడు ఆ పని చేశాడో లేదో మీకెలా తెలుస్తుంది? లేత బూడిదరంగు పెయింటు వెయ్యండి. పగులొస్తే దాని మీద నల్లగా కనిపిస్తుంది. క్రోమియం కింద కనిపించదు.

డ్రాగ్ లింక్ చేతికే ఊడొచ్చిందన్నానుగా. బాల్ జాయింటు మొన టేపరు, అంటే కొసకు సన్నబడుతూ పోతుంది, కన్నం కూడా అదే టేపరులో ఉండాలి. రెండూ ఒకదాన్నొకటి కరుచుకోవాలి, అందుకే ఊడదీయడానికి సుత్తి కావాలి. ఫోర్డు టై రాడ్డుకు అడుగు పొడవుకు ఒకటిన్నర అంగుళం, అంటే ఎనిమిదికి ఒకటి. మీరు డ్రిల్లు బిట్టుతో కన్నం పెద్దది చేసి, మిగతాది నట్టు బిగువుకు వదిలేశారు. ఎక్కడ ఆనుతోందో తెలియడానికి రాత్రి నీలం రంగు, బ్లూ, రాసి చూశాను. అడుగున ఒక ఉంగరంలా అంటింది, పైనంతా గాలి. రోజూ అటూ ఇటూ కదిలి ఆ మొన మెడ దగ్గర తెగుతుంది. కన్నాన్ని టేపరుగా చెక్కే రీమరు ఆర్డరు పెట్టించాను, ఈ వారం వస్తుంది. కొత్త ఆర్మ్‌ను నేనే రీమ్ చేసి ఇస్తాను. నీలం కన్నం నిండా అంటేదాకా ఎవరూ తొందరపెట్టొద్దు.

ఇంకోటి, ఇది మీకందరికీ తెలిసే ఉండాలి గానీ కారులో మాత్రం కనిపించలేదు. మా లారీలో డ్రాగ్ లింక్ బండి పొడుగునా ఉంటుంది, కమాను కట్టలూ పొడుగునే. మీ కారులో కట్ట అడ్డం, కొసలకున్న షాకిళ్లు అనే కదిలే లింకుల మీద ఊయలలా వేలాడుతోంది. డ్రాగ్ లింక్ కూడా అడ్డంగా పెట్టారు. స్టీరింగు తిప్పగానే చక్రం తిరగదు, ముందు కారు బాడీయే షాకిళ్ల మీద పక్కకు జరుగుతుంది. ఆ తర్వాతే చక్రం. దీనికి మందు పాన్‌హార్డ్ బార్, ఒక కొస ఛాసిస్‌కి, ఒక కొస యాక్సిల్‌కి. దాని పొడవు డ్రాగ్ లింక్ పొడవుకు దగ్గరగా, దానికి సమాంతరంగా ఉండాలి. లేకపోతే గుంటలో పడ్డప్పుడల్లా ఒకటి ఒక వంపు తిరుగుతుంది, ఇంకోటి ఇంకో వంపు, చక్రం దానంతట అదే తిరుగుతుంది. మిషిగన్ రోడ్లలో ఏప్రిల్ నెల గుంటలు చూశాక ఇది ఊహించుకోలేనంటే నమ్మను. ఈ బార్ మాత్రం ఎవరూ కొనక్కర్లేదు. మీరే చెయ్యండి, వెల్డింగు కూడా చెయ్యండి, అమ్మాయి చేస్తే ఇంకా మంచిది. ఒకవేళ అది తెగినా కారు పక్కకు ఊగుతుంది, మీకు తెలుస్తుంది, దిక్కు తప్పదు. బాక్సు బిగించే పలక కూడా మీరే చెయ్యొచ్చు. పట్టీ లోపల బోలుగా ఉంది గనక ప్రతి బోల్టు కన్నంలోనూ గొట్టం ముక్క దూర్చి రెండువైపులా అతకండి. లేకపోతే బోల్టు బిగించినకొద్దీ పట్టీ నొక్కుకుపోతుంది, బిగువు మాత్రం నిలవదు. టై రాడ్ గొట్టం చెయ్యండి, ఒక కొస కుడిమర, ఒక కొస ఎడమమర, మర లోపలికి దాని వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు పోవాలి, లాక్ నట్టు వెయ్యాలి. చేతి దురద తీరడానికి ఇన్ని పనులున్నాయి.

ఎడమ కుడి ఆర్ములు కొలిచాను, కొసలు 4 మిల్లీమీటర్లు తేడా. కళ్లంలో గుంజ చుట్టూ ఎడ్లు తిరుగుతుంటే లోపలి ఎద్దు చిన్న చుట్టు, బయటి ఎద్దు పెద్ద చుట్టు తిరుగుతుంది కదా. మలుపులో మీ చక్రాలదీ అదే కథ. లోపలి చక్రం ఎక్కువ తిరగాలి. దీనికి 1818లోనే ఇంగ్లండులో ఆకర్మాన్ పేటెంటు తీశాడని మీలో ఒకరే చెప్పారు. అతికేటప్పుడు ఒక ఆర్మ్ కొంచెం లోపలికి ఒరిగిపోయింది. కుడికి తిప్పితే ఒకలా, ఎడమకు తిప్పితే ఇంకోలా టైర్లు ఈడుస్తాయి. కొత్తవి వేస్తే ఇది దానంతట అదే పోతుంది, వదిలేద్దాం.

కాలమ్ విషయం వదల్లేను. స్టీరింగు చక్రం నుంచి బాక్సు దాకా మీరు రెండు షాఫ్టులు, మూడు యూనివర్సల్ జాయింట్లు పెట్టారు. వంపులు పెట్టడం మంచిదే, ముందు దెబ్బ తగిలితే షాఫ్టు మడత పడుతుంది. 1931 నాటి తిన్నటి కడ్డీ అయితే బల్లెంలా డ్రైవరు గుండెల మీదికే వచ్చేది. ఈ దేశంలో 1968 నుంచి కార్లకు దీని మీద రూలుంది. గంటకు 30 మైళ్ల వేగంతో గోడకు గుద్దితే కాలమ్ వెనక్కి 5 అంగుళాలకు మించి రాకూడదు. మీ చేతికట్టు కారును ఎవరూ గోడకు గుద్ది చూడరు గనక ఆ మడత మీరే జాగ్రత్తగా పెట్టుకోవాలి. కానీ మూడు జాయింట్లుంటే మధ్యలో షాఫ్టుకు ఒక బేరింగు ఆసరా ఉండాలి. మీరు పెట్టలేదు. ఒకసారి బలంగా తిప్పితే మధ్య జాయింటు పైకి ఎగిరి వంగుతుంది. జాయింట్ల నోళ్లు కూడా ఒకే వరసలో లేవు, అందుకే తిప్పుతుంటే ఒకచోట తేలిక, ఒకచోట బరువు. అది బాక్సు లోపమని మీరు రెండు వారాలు బాక్సు విప్పి బిగించారు, నేను చూసి నవ్వుకున్నాను. ముందే చెప్పనందుకు క్షమించండి. జాయింటును షాఫ్టుకు బిగించే గ్రబ్ స్క్రూలకు షాఫ్టు మీద గుంట తియ్యండి, లాక్ నట్టు వెయ్యండి.

ఈ కారును ఎవరు చూస్తారు అని అడిగితే మీరు తేలిగ్గా తీసేశారు. మా రోజుల్లో లారీ ఎఫ్.సి.కి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) వెళ్తే బ్రేకు ఇనస్పెక్టరు అనే మనిషి ఉండేవాడు. మంచివాడో చెడ్డవాడో, స్టీరింగు పట్టుకుని ఊపి చూసేవాడు. మిషిగన్‌లో సొంత కార్లకు ఏటేటా తనిఖీ లేదు. ఇంట్లో కట్టిన కారుకు కాగితాలివ్వడానికి పోలీసు అధికారి వచ్చి నంబర్లు, రోడ్డు మీద ఉండాల్సిన సామగ్రి చూస్తాడు గానీ ఆర్మ్‌కు ఎర్ర రంగు కొట్టి చూడడు. ఇంగ్లండులో ఇంటి కార్లకు రిజిస్ట్రేషనుకు ముందు విడిగా పరీక్ష ఉందని, న్యూజిలాండ్‌లో తెలిసిన సర్టిఫయరు చూశాక కారుకే ఒక పలక బిగిస్తారని మా వాడు చదివి వినిపించాడు. మీకు ఆ బలవంతం లేదు. అందుకని మీరే పిలవండి. ఈ దేశపు స్ట్రీట్ రాడ్ సంఘం, ఎన్.ఎస్.ఆర్.ఎ., 1970 నుంచి ఉంది. వాళ్లకు 23 అంశాల భద్రతా తనిఖీ ఉంది, చూసేవాళ్లు కూడా మీలాగే కార్లు కట్టేవాళ్లు. మీతో స్నేహం లేని కళ్లు ఒక జత ఈ కారు కింద దూరాలి. నా కళ్లు సరిపోవు, నాకు ఇప్పటికే మీ మీద ప్రేమ పుట్టింది.

ఆగస్టులో మూడో శనివారం జరిగే కార్ల ఊరేగింపు, వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కు ఈ కారులో వెళ్లాలని మీ గోడమీద రాసి ఉంది. నేను జూలై మొదట్లో వెళ్లిపోతాను, చూడలేను. ఆ తేదీ అందితే సరే, అందకపోతే ఆ గోడమీద రాత ఒక ఏడాది జరపండి. మీ పిల్లలు వెనక డిక్కీ సీట్లో కూర్చుంటామని ఇప్పటినుంచే పోట్లాడుకుంటున్నారు.

ఆదివారం పొద్దున పదింటికి ఆర్మ్ తీసుకుని వస్తాను. తెల్ల పొడి, ఎర్ర గీత తుడవలేదు, అలాగే ఉన్నాయి. మీరు ఎడమ ఆర్మ్ కూడా విప్పి బల్ల మీద ఉంచండి. సుత్తితో కింద నుంచి కొట్టకండి, మర పాడవుతుంది. కన్నం పక్కన, అడ్డంగా, రెండే దెబ్బలు. తర్వాత రెండింటినీ బ్యాండ్ సా మీద అతుకు మధ్యకు కోసి లోపల చూద్దాం. కొయ్యాల్సింది మాత్రం అమ్మాయే.

ఇట్లు,
మీ అంకుల్
(రేకు డబ్బా పైఅరలో, పెయింటు డబ్బాల వెనక ఉంది)